ప్యాకెట్టు ముందు వైపు ఎవరిది?

నర్సు: ప్యాకెట్టు ముందు వైపు ఆరోగ్యం గురించి ఒక్క మాట కూడా ఉండకూడదంటాను తమ్ముడూ. బలం, శక్తి, రోగనిరోధకత, గుండెకు మేలు, షుగరు వాళ్ళకు మంచిది, ఇవేవీ వద్దు. లోపలి సరుకు పేరేమిటి, అందులో ఏమేం కలిశాయి, ఎంతెంత కలిశాయి, ఇవి రాస్తే చాలు. మంచిదో కాదో ప్యాకెట్టు చెప్పక్కర్లేదు.

కార్యదర్శి: ఆ రూలు వస్తే ముందు మూతపడేది మాలాంటి గిరిజన రైతు సంఘాలే అక్కా. మేం అమ్మేది చోడిపిండి (అదే రాగిపిండి), సామలు, కొర్రలు, పసుపు, తేనె. విశాఖలోనో హైదరాబాదులోనో సామలు కొనే మనిషి చిన్నప్పుడు తిన్న రుచి గుర్తొచ్చి కొనడు. ఇంట్లో ఎవరికో షుగరు వచ్చింది, డాక్టరు అన్నం తగ్గించమన్నాడు, అందుకని కొంటాడు. ఆ సంగతి ప్యాకెట్టు మీద చెప్పకూడదంటే, తళతళలాడే బిస్కెట్ల పక్కన మా సామల్ని ఎవరు చూస్తారు?

నర్సు: మీ సామల దగ్గరికి వస్తాను. ముందు ఓఆర్ఎస్ సంగతి తేలనీ. నేనింత పట్టుగా మాట్లాడటానికి కారణం అదే. వానలు పడ్డాక మన పాడేరు కొండల్లో గెడ్డ నీళ్ళు, ఊట నీళ్ళు ఎలా ఉంటాయో నీకు చెప్పాలా? ముంచంగిపుట్టు వైపో పెదబయలు వైపో లోపలి గూడెంలో పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే, ఆస్పత్రికి చేరేదాకా బిడ్డ ఒంట్లో నీళ్ళు నిలబెట్టడమే వైద్యం. డోలీ కట్టి మోసుకురావాల్సిన దారులు ఇంకా ఉన్నాయి. ఆ దారి పొడవునా చెంచాతో పోయాల్సింది ఓఆర్ఎస్. లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేటు 2.9, పొటాషియం క్లోరైడు 1.5. మొత్తం 20.5 గ్రాములు. ఈ కొలత ఎవరో నాలిక మీద వేసుకుని తేల్చింది కాదు. పేగు గోడ సోడియాన్నీ గ్లూకోజునూ జంటగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరు ఒంట్లోకి వస్తుంది. పంచదార బాగా ఎక్కువైతే ఒంట్లో ఉన్న నీరే పేగులోకి దిగిపోతుంది. విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి.

కార్యదర్శి: ఇందులో నేను కాదనేదేముంది?

నర్సు: మిగతాది కూడా విను. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల్లో కలరా చెలరేగినప్పుడు, బొంగావ్ శిబిరంలో సెలైను సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి జనాన్ని బతికించారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ప్రభుత్వమూ, ఏఎన్ఎంలూ, ఆశాలూ, అంగన్‌వాడీ వాళ్ళూ ఊరూరా అదే చెప్పుకొచ్చాం. చదువు రాని తల్లికి కూడా ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలు గుర్తుండిపోయేలా చెప్పాం. మేం పోగేసిన ఆ నమ్మకాన్ని పానీయాల కంపెనీలు వాడుకున్నాయి. పంచదార దండిగా వేసి, పండ్ల వాసన కలిపి, పేరులో ఆ అక్షరాలు ఇరికించి, మందుల షాపుల్లోనే పెట్టి అమ్మాయి. వాంతులతో వేలాడిపోతున్న బిడ్డను చంకన వేసుకుని వచ్చిన తల్లికి ఆ అక్షరాలు కనబడితే చాలు, చేతిలో ఉన్న డబ్బు తీసి ఇచ్చేస్తుంది. ఆమె తప్పు ఏమైనా ఉందా? మేం నేర్పిన పాఠమే ఆమె అప్పజెప్పింది.

కార్యదర్శి: లేదు. ఓఆర్ఎస్ విషయంలో నాకు రెండో మాట లేదు. అది మందు పేరు, ఆహారం మీద ఉండకూడదు. కానీ ఆ కథ చివరిదాకా చెప్పుకుందాం. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దాదాపు ఎనిమిదేళ్ళు పోరాడారు. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2022 ఏప్రిల్‌లో ఆహార భద్రత ప్రమాణాల సంస్థ, అదే ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఆ పేరు వాడొద్దంది. అదే ఏడాది జులైలో, చిన్న హెచ్చరిక ఒకటి వేస్తే బ్రాండు పేరులో వాడుకోవచ్చంది. 2024 ఫిబ్రవరిలో ఇంకో ఉత్తర్వు. ఆఖరికి 2025 అక్టోబరు 14న ఆ వెసులుబాటు మొత్తాన్ని వెనక్కి తీసుకుంది. బ్రాండు పేరుకు ముందో వెనకో ఇంకేదైనా తగిలించినా సరే, ఆహార పానీయం మీద ఆ మాట వద్దంది. దీన్నిబట్టి నాకర్థమైంది వేరు అక్కా. ఉన్న రూలును సరిగ్గా అమలు చెయ్యడానికే ఇన్నేళ్ళు పడితే, ఇంకా పెద్ద నిషేధం ఎవరి మీద అమలవుతుంది? లాయర్లు లేని వాళ్ళ మీద. మా మీద.

నర్సు: ఆ మధ్యలో వేసిన హెచ్చరిక గురించి ఒక మాట చెప్పనీ. 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్ఎస్ ఫార్ములా కాదు' అని ప్యాకెట్టు మీద వేస్తే సరిపోతుందన్నారు. ఏ భాషలో వెయ్యాలి? నిబంధన ప్రకారం లేబులు మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలో హిందీలోనో ఉంటే చాలు. తెలుగు కంపెనీ ఇష్టం. మనవైపు తెలుగే రెండో భాష అయిన ఇళ్ళు ఎన్ని? కువి మాట్లాడేవాళ్ళున్నారు, పోర్జాలున్నారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ళున్నారు. పెద్ద అక్షరాల్లో చెప్పిన మాటను చిన్న అక్షరాల్లో కాదని చెబితే అది హెచ్చరిక అవుతుందా? మాట మాత్రం అందరికీ చేరింది. కాదన్న సంగతి చదువుకున్నవాడికి కూడా కళ్ళద్దాలు పెట్టుకుంటే గాని కనబడదు. అందుకే అంటున్నాను, ముందు వైపు మాట తీసెయ్యాలి. వెనక సవరణలు వేసి లాభం లేదు.

కార్యదర్శి: తీసేశారే అనుకోండి. ఆ రోజు సాయంత్రం గూడెంలో ఆశా దగ్గర ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు అయిపోయాయి. కిరాణా కొట్టులో ఉన్నది కూల్‌డ్రింకు. తల్లి అదే కొంటుంది. ఓఆర్ఎస్ పేరు పెట్టుకున్న ఆ పానీయం డబ్బాలో ఎంతో కొంత ఉప్పయినా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. మీ పొడి ఉప్పగా ఉంటుంది, పిల్లలు ఉమ్మేస్తారు. తియ్యటి డబ్బా ఖాళీగా ఉన్న చోటులోకే వచ్చి కూర్చుంది అక్కా. ఆ ఖాళీ ఎవరిది?

నర్సు: మాది. ఒప్పుకుంటాను. సబ్‌సెంటరులో స్టాకు ఉండి గూడెంలో లేకపోతే ఉన్నట్టు కాదు. రుచి మాట కూడా నిజమే, చెంచా చెంచాగా పోస్తూ గంటలు కూర్చోవాలి, పోడు పనికి వెళ్ళాల్సిన తల్లికి ఆ తీరిక ఉండదు. అయినా దొరకని పూట ఉప్పు వేసిన గంజి పొయ్యి, పల్చటి అంబలి పొయ్యి అని చెబుతాం, అవి పనిచేస్తాయి. కూల్‌డ్రింకు కొన్న తల్లికి తాను కూల్‌డ్రింకు పోస్తున్నానన్న సంగతైనా తెలుస్తుంది. బిడ్డ తేరుకోకపోతే త్వరగా బయల్దేరుతుంది. మందు పోస్తున్నాననుకున్న తల్లి ఇంకో పూట ఆగి చూస్తుంది. ఆ ఒక్క పూటే నాకు భయం.

(ఇద్దరి వాదనలోనూ, ఇది రాస్తున్న నాకు అన్నిటికన్నా బరువుగా తోచిన మాట ఈ పూట గురించిన మాటే. లేబులు మోసమంటే మనం సాధారణంగా డబ్బు నష్టమనుకుంటాం. కొండల్లో అది కాలం నష్టం. ఇక కార్యదర్శి వైపు బలమంతా ఇక్కడి నుంచి మొదలవుతుంది.)

కార్యదర్శి: సరే, ఇక మా సామల దగ్గరికి రండి. మా అమ్మమ్మ కాలంలో ఈ కొండల మీద చోడి, సామ, కొర్ర, ఇవే తిండి. తర్వాత రేషను బియ్యం వచ్చింది, కడుపు నిండింది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ దాంతోపాటు చోడి అంబలి తాగేవాళ్ళంటే లేనివాళ్ళన్న చిన్నచూపు కూడా వచ్చింది. మా పిల్లలే హాస్టలు నుంచి వచ్చి అంబలి వద్దనేవారు. ఆ చిన్నచూపు పోయింది ఎప్పుడు? బయటివాళ్ళు వచ్చి ఇది ఒంటికి మంచిదన్నాకే. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ 2021లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి, చిరుధాన్యాలు తిన్న షుగరు వ్యాధిగ్రస్తుల్లో రక్తంలో చక్కెర 12 నుంచి 15 శాతం దాకా తగ్గిందని చెప్పింది. జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చూడండి, వంద గ్రాముల చోడిలో కాల్షియం 364 మిల్లీగ్రాములు, పీచు 11 గ్రాములు. ఇది నిజం కదా? నిజాన్ని ప్యాకెట్టు మీద రాసుకునే హక్కు పండించినవాడికి లేదా?

నర్సు: అది నిజమే. కానీ ఆ నిజం ఏ తిండి గురించి? ఇక్రిశాట్ చెప్పింది అన్నానికి బదులుగా రోజువారీ భోజనంగా తిన్నప్పటి మాట. బజారులో ఆ మాట వాడుకుంటున్నది ఎవరు? రాగి బిస్కెట్టు. దాని వెనక పదార్థాల జాబితా చదువు. ఎక్కువ బరువున్నది ముందు, తక్కువ బరువున్నది వెనక రాయాలన్నది రూలు. చాలా బిస్కెట్లలో మొదటి పేరు మైదానో గోధుమపిండో, తర్వాత పంచదార, ఆపైన పామాయిలు. రాగి ఎక్కడో ఉంటుంది. ముందు వైపు మాత్రం రాగి వెన్ను బొమ్మ.

కార్యదర్శి: దానికి రూలు ఉంది. 2020 నాటి లేబులింగు నిబంధనల్లోనే ఉంది. పేరులోనో బొమ్మలోనో ఒక పదార్థాన్ని ఎత్తి చూపిస్తే, అది ఎంత శాతం ఉందో రాసి తీరాలి. కొనేవాడు ఆ శాతం చూసుకోవచ్చు.

నర్సు: చూసుకోవచ్చు, కానీ చూస్తున్నాడా? సరే, బిస్కెట్టు వదిలెయ్, మీ సరుకే తీసుకుందాం. మీరు అమ్మే సామలు తెల్లగా ఉంటాయి. మన ఇళ్ళల్లో రోట్లో దంచుకున్న సామలు అంత తెల్లగా ఉంటాయా?

కార్యదర్శి: ఉండవు. పట్నం కొనుగోలుదారు తెల్లగా ఉంటేనే తీసుకుంటాడు. ముతకగా, బూడిద రంగులో ఉంటే పాత సరుకనుకుని వెనక్కి పంపేస్తాడు. అందుకని మిల్లులో పాలిష్ పట్టిస్తాం.

నర్సు: తవుడు పోతే పీచు పోయింది. లేబులు మీద వేసే పీచు అంకె ఎక్కడిది? పుస్తకంలోదే కదా? పుస్తకం కొలిచింది పాలిష్ పట్టిన మీ సామల్ని కాదు. ఇక చోడిపిండి సంగతి. మెత్తగా మరపట్టించి, జావగా బాగా ఉడికించి, అనకాపల్లి బెల్లం వేసి షుగరు మనిషి రెండు గ్లాసులు తాగితే చక్కెర పెరక్క ఏమవుతుంది? అతను వచ్చి నాతో ఏమంటాడో తెలుసా? 'షుగరు వాళ్ళకు మంచిదని ప్యాకెట్టు మీదే ఉందమ్మా' అంటాడు. పంచదార లేదు, బెల్లమే అని గర్వంగా రాసే లడ్డూలూ ఉన్నాయి. బెల్లం కూడా చక్కెరే. ఒంటికి ఆ తేడా పెద్దగా తెలియదు. ఇలాంటివాటిలో ఒక్కొక్క మాట విడిగా నిజమే, కానీ కొన్నవాడికి కలిగిన నమ్మకం అబద్ధం. దీన్ని ఏ చట్టంతో పట్టుకుంటావు?

కార్యదర్శి: పాలిష్ మాట దగ్గర నేను జవాబు చెప్పలేను. పుస్తకం అంకె వేయడమూ నిజమే. ప్రతి లాటునూ ల్యాబుకు పంపి పరీక్ష చేయించడానికి మా దగ్గర డబ్బు లేదు. కానీ మీరు చెప్పినదానికి మందు నోరు కట్టెయ్యడం కాదు అక్కా. 2018 నాటి ప్రకటనలు, క్లెయిముల నిబంధనలు ఒక పద్ధతి పెట్టాయి. వంద గ్రాముల్లో పీచు 3 గ్రాములుంటే పీచు ఉందనొచ్చు, 6 గ్రాములుంటే అధికమనొచ్చు. ఘనాహారంలో చక్కెర అర గ్రాము మించకపోతేనే షుగర్ ఫ్రీ అనొచ్చు. రోగం నయం చేస్తుందని ఆహారం మీద రాయనే కూడదు. ఇది మంచి పద్ధతి. పరీక్ష చేయించి, ఆ గీత దాటినవాణ్ణి మాట్లాడనివ్వండి. దాటనివాణ్ణి పట్టుకోండి. ఆ పరీక్ష మాలాంటివాళ్ళకు పాడేరులోనే, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఖర్చుతో చేయించండి. మీరడిగే నిషేధం కన్నా దీనికయ్యే ఖర్చు తక్కువ.

నర్సు: గీత దాటినవాడే మోసం చేస్తున్నాడంటున్నాను. పీచు 6 గ్రాములు దాటిన బిస్కెట్టులో చక్కెర 25 గ్రాములున్నా 'అధిక పీచు' అని ముందు రాసుకోవచ్చు. నూనె డబ్బా మీద కొలెస్ట్రాల్ లేదని రాస్తారు. మొక్కల నూనెలో అది మొదటి నుంచీ చెప్పుకోదగినంత ఉండదు. లేనిదాన్ని లేదని చెప్పి మంచి పేరు కొట్టెయ్యడం. 2024లో జాతీయ పోషకాహార సంస్థ కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసినప్పుడు ఈ సంగతే గట్టిగా చెప్పింది. షుగర్ ఫ్రీ అన్నదానిలో కొవ్వు దండిగా ఉండొచ్చు, నిజమైన పండు అన్నదానిలో గుజ్జు పది శాతమే ఉండొచ్చు, లేబులు మాటలు నమ్మి కొనకండి అని. దేశంలో పోషకాహారానికి పెద్ద సంస్థ, మన హైదరాబాదు సంస్థ, జనాన్ని హెచ్చరించాల్సి వచ్చిందంటే మీ గీతల పద్ధతి పనిచేస్తున్నట్టా?

కార్యదర్శి: సరిగ్గా పనిచెయ్యడం లేదు. కానీ మాటలు తీసేస్తే ఏం మిగులుతుందో ఆలోచించారా? బొమ్మలు మిగులుతాయి. పరుగెత్తే పిల్లాడి బొమ్మ, తెల్లకోటు వేసుకున్న మనిషి బొమ్మ, పచ్చటి ఆకు, టీవీలో సినిమా నటుడు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ బోర్న్‌వీటా లాంటి పానీయాలను హెల్త్ డ్రింక్స్ విభాగం నుంచి తీసెయ్యమని ఆన్‌లైన్ అమ్మకందార్లకు చెప్పింది. చట్టంలో హెల్త్ డ్రింక్ అనేదానికి అసలు నిర్వచనమే లేదన్నారు. మంచిదే. కానీ అన్నేళ్ళ ప్రకటనలు జనం తలల్లో ముద్రించిన మాటను ఏ ఉత్తర్వు తుడిచేస్తుంది? కోట్లు పోసి ప్రకటనలు వేసినవాడికి ఇక ప్యాకెట్టు మీద మాట అక్కర్లేదు. మాకు టీవీ లేదు. మాకున్న ప్రకటన అంతా ఆ అరచేయంత కాగితమే. దాన్ని ఖాళీ చేస్తే పెద్దవాళ్ళకు పోయేదేమీ లేదు, మాకే గొంతు పోతుంది. జరిమానా లెక్కా చూడండి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు చట్టంలో గరిష్ఠ జరిమానా పది లక్షలు. పెద్ద కంపెనీకి అది ఒక లెక్క కాదు. మా సంఘానికి అంతటితో తలుపులు మూసుకోవడమే.

నర్సు: ఈ మాటకు నేను ఎదురు చెప్పలేను తమ్ముడూ. మాట నిషేధిస్తే బొమ్మ మాట్లాడుతుందన్నావు, నిజం. నేను బొమ్మలు కూడా వద్దంటాను, కానీ ఎక్కడ గీత గీయాలో చెప్పమంటే తడబడతాను. రాగి వెన్ను బొమ్మ వద్దంటే రాగి పండించినవాడు తన పంటను చూపించుకోలేడు.

కార్యదర్శి: తేనె సంగతి కూడా చూడండి. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సీఎస్ఈ సంస్థ 13 బ్రాండ్ల తేనె పరీక్ష చేయించింది. జర్మనీలో చేయించిన ఎన్ఎంఆర్ పరీక్షతో సహా అన్నీ నెగ్గినవి మూడే. చక్కెర పాకాలు కలిపిన తేనె మీదా 'స్వచ్ఛం' అనే ఉంటుంది. కొండల్లో తేనె పట్టు తీసే మనిషి తాడు కట్టుకుని బండ మీద నుంచి దిగి, ప్రాణం పణంగా పెట్టి తెస్తాడు. ఆ తేనె గిరిజన సహకార సంస్థ జీసీసీ కొన్నా, మేం కొన్నా, సీసా మీద వేసేది అదే మాట. దొంగ వాడిన మాటనే దొర కూడా వాడాలి. మీరు మోసం వల్ల తినేవాళ్ళకు నష్టమంటున్నారు, నేను ఒప్పుకుంటున్నాను. పండించేవాళ్ళకూ, ఏరుకొచ్చేవాళ్ళకూ అంతే నష్టం. అందుకే నాకు మాట కావాలి, రుజువున్న మాట. అందరి నోళ్ళూ మూయిస్తే కల్తీ తేనె, కొండ తేనె ఒకే ధరకు పోతాయి.

నర్సు: తేనె పేరెత్తావు గనక చెబుతున్నాను, ఆ సీసా మీద ఏడాది నిండని బిడ్డకు పెట్టొద్దని పెద్దక్షరాలతో ఎవరు వేస్తారు? పసిబిడ్డలకు బొట్యులిజం ప్రమాదం ఉంది. స్వచ్ఛమైన తేనెలో కూడా ఉంటుంది. మన దగ్గర పుట్టిన బిడ్డ నాలిక మీద తేనె రాసే అలవాటు ఇంకా ఉంది. స్వచ్ఛం, సహజం, అడవి అన్న మాటలు ఎంత గట్టిగా వేస్తే తల్లికి అంత ధైర్యం వస్తుంది. నీ మాట నూటికి నూరుపాళ్ళూ నిజమైనా నా దగ్గరికి వచ్చేసరికి హాని కావచ్చు. ఒక మంచి గుణం గురించి గొంతెత్తినప్పుడు మిగతావి వినబడవు. నేను నోరు మూయించమనేది అందుకే.

కార్యదర్శి: అయితే మీరే చెప్పండి, ఏది కావాలి? ముందు వైపు ప్రభుత్వమే గుర్తు వెయ్యాలంటారా? 2022 సెప్టెంబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ నక్షత్రాల పద్ధతి ముసాయిదా పెట్టింది, అర నక్షత్రం నుంచి అయిదు దాకా.

నర్సు: నక్షత్రాలు వద్దు. పంచదార దండిగా ఉన్నదానిలో కాస్త పీచో పండ్ల గుజ్జో కలిపితే మార్కులు పెరుగుతాయి. చెడును మంచితో చెరిపేసే లెక్క అది. చిలీ దేశంలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువైతే నల్లటి ఎనిమిది మూలల గుర్తు వేస్తున్నారు. చదువు రానివాడికీ అర్థమవుతుంది. భాష అక్కర్లేదు. మన గూడేలకు కావలసింది అదే. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ప్యాకెట్టు ముందు హెచ్చరిక లేబుళ్ళ సంగతి మూడు నెలల్లో తేల్చమంది.

కార్యదర్శి: నల్ల గుర్తు ఎవరి మీద పడుతుందో చూడండి. మా మహిళా సంఘాలు చేసే వేరుశనగ చెక్క, నువ్వులుండ, చోడి లడ్డూ, అన్నిటిలోనూ బెల్లం ఉంటుంది. అన్నిటికీ నల్ల గుర్తే. పక్కన కృత్రిమ తీపి కలిపిన కంపెనీ సరుకుకు చక్కెర లేదు గనక ఏ గుర్తూ ఉండదు. చూసేవాడు ఏమనుకుంటాడు? అడవిబిడ్డలు చేసింది చెడ్డది, ఫ్యాక్టరీలో చేసింది మంచిది అనే కదా. గుర్తు కూడా ఒక మాటే అక్కా. అదీ అర్ధసత్యమే చెబుతుంది.

నర్సు: నువ్వులుండ తింటే చక్కెర పెరుగుతుంది. అది అర్ధసత్యం కాదు, పూర్తి సత్యం. కొండవాడు చేశాడని ఒళ్ళు మినహాయింపు ఇవ్వదు. కృత్రిమ తీపి ఉన్నదానికి వేరే గుర్తు పెట్టమను, మెక్సికోలో పెట్టారు, పిల్లలకు వద్దని రాస్తారు. మీవాళ్ళ కష్టం చూసి హెచ్చరిక ఆపమంటే, రేపు పెద్ద కంపెనీ తన దగ్గర పనిచేసేవాళ్ళను చూపించి అదే అడుగుతుంది.

కార్యదర్శి: నేను ఆపమనడం లేదు. హెచ్చరిక పెట్టండి, దాని పక్కనే నా మంచిని కూడా చెప్పుకోనివ్వండి. వంద గ్రాములకు కాల్షియం ఇంత, పీచు ఇంత, ఈ లాటు పరీక్షలో తేలింది అని. చక్కెర ఎక్కువని మీరు నలుపుతో చెప్పండి, చోడి 60 శాతం ఉందని నేను నా రంగుతో చెబుతాను. కొనేవాడు రెండూ చూస్తాడు.

నర్సు: రెండూ చూడడు. మెక్సికో సంగతే తీసుకో, హెచ్చరిక పడిన ప్యాకెట్టు మీద కార్టూను బొమ్మలు వెయ్యనివ్వలేదు. ఎందుకంటే పక్కన తీపి మాట ఉంటే జనం నలుపును చూడరని వాళ్ళకు తెలుసు. సరే, నీకోసం ఒక మెట్టు దిగుతాను. చోడిపిండి, సామలు, కొర్రలు, ఇలా ఏమీ కలపని ఒంటి ధాన్యం మీద పోషకాల అంకెలు ముందు వైపు రాసుకోనిద్దాం. పరీక్ష చేసిన అంకెలే, పుస్తకం అంకెలు కాదు. పాలిష్ పట్టారో లేదో పెద్దక్షరాలతో, తెలుగులో. రోగం పేరు మాత్రం వద్దు. షుగరు అన్న మాట మీ ప్యాకెట్టు మీద ఉండకూడదు.

కార్యదర్శి: అంకెలకు ఒప్పుకుంటాను. పాలిష్ మాట రాయమన్నారు, అదీ న్యాయమే, కానీ రాసిన మొదటి సంవత్సరం నా సరుకు షాపులో ఉండిపోతుంది. పక్కవాడి పాలిష్ సామల మీద ఆ మాట ఉండదు. మా దగ్గర తెచ్చిన ధాన్యానికి రైతుకు ముందే డబ్బు ఇచ్చేశాం. అందరికీ ఒకే రోజు రూలు పెడితే మొదట నేనే రాస్తాను. ఒంటరిగా రాయమంటే మాత్రం సంఘంలో వాళ్ళను ఒప్పించలేను.

నర్సు: అందరూ రాస్తే రాస్తానన్న మాట నేను ఇంతకు ముందు కూడా విన్నాను.

కార్యదర్శి: విని ఉంటారు. పెద్ద కంపెనీలకు సరుకు ఉండిపోతే ఒక త్రైమాసికం లాభం తగ్గుతుంది. నాకు ఉండిపోతే డుంబ్రిగుడలో వచ్చే ఖరీఫ్‌కు సామలు వేసేవాడుండడు. సంతలో దళారీ చెప్పిన ధరకే ఇచ్చుకుని, ఉన్న పొలంలో ఇంకేదో వేసుకుంటారు.

నర్సు: నేను చూసే తల్లీ డుంబ్రిగుడ మనిషే తమ్ముడూ. ఆ సామలు పండించిన ఇంట్లోనే బిడ్డకు జబ్బు చేస్తే ఆమె కొట్టుకు వెళ్తుంది, నమ్మి కొంటుంది. నీ ప్యాకెట్టు మీద మాటను నమ్మమని చెబితే ఆ డబ్బా మీద మాటను నమ్మొద్దని ఆమెకు ఎలా చెప్పను? ఏది నమ్మాలో విడదీసి చెప్పడానికి నేను ప్రతి కొట్టు దగ్గరా నిలబడలేను.

కార్యదర్శి: ఆ నిలబడే పని ప్రభుత్వానిది. ఒక్కో ఫుడ్ సేఫ్టీ అధికారి చేతిలో ఎన్ని మండలాలు పెడుతున్నారో, ఆయన కొండ ఎక్కి లోపలి కొట్టు దాకా ఎన్నిసార్లు వస్తున్నాడో ముందు అడుగుదాం. అది అడిగేటప్పుడు మీ పక్కన నేనూ ఉంటాను. ప్యాకెట్టు ఖాళీగా ఉంచమని అడిగేటప్పుడు మాత్రం ఉండను.

నర్సు: మొదటిది అడుగుదాం. రెండోది నేను ఒక్కదాన్నే అడుగుతాను.